పొట్లం మీద ఏమీ రాయలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను, ఏమీ అనుకోకండి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఏదైనా పాత పుస్తకాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. చైనా తావో మతం వాళ్ళ రసవాద గ్రంథాలు, చావు లేని మందు కోసం వాళ్ళు పడ్డ పాట్లు చెబుతానన్నాను. ముప్పై నాలుగేళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, గంట కొడితే తప్ప ఆగడం రాదు. కార్యదర్శి గారూ, టైమైపోతే చీటీ పంపండి.

మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటిది ఇంగిలీకం. ఎర్రటి రాయి, పాదరసమూ గంధకమూ కలిసినది, మా కెమిస్ట్రీలో మెర్క్యురిక్ సల్ఫైడ్ అంటాం. గడ్డి కాలిస్తే బూడిదవుతుంది, కర్ర కాలిస్తే బొగ్గవుతుంది, ఈ ఎర్రరాయిని కాలిస్తే మాత్రం వెండిలా మెరిసే నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళని గంధకంతో కలిపి మళ్ళీ వండితే మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, వెనకటి రాయే చేతికొస్తుంది. చచ్చి బతికింది! ఇది చూసినవాడికి ఆశ పుట్టదా చెప్పండి. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే ఆయన ‘బావ్‌పుజి’ అనే గ్రంథంలో ఇదే వాదించాడు. మూలికల్ని పాతిపెడితే కుళ్ళుతాయి, కాలిస్తే మాడతాయి, తమని తామే కాపాడుకోలేనివి మనిషినేం కాపాడతాయి? బంగారం వందసార్లు కరిగించినా తరగదు, కాబట్టి అలాంటిదే తినాలి. తర్కం చూడండి ఎంత ముచ్చటగా ఉందో. నాకు ఇప్పటికీ తప్పు పట్టబుద్ధి కాదు.

వెయ్ బోయాంగ్ అనే రసవాది కథ చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు, ఆవిడకి ఇష్టం. ఆయన ముగ్గురు శిష్యుల్నీ ఒక కుక్కనీ వెంటబెట్టుకుని కొండెక్కి మందు వండాడు. ముందు కుక్కకి పెట్టాడు, చచ్చింది. ఇంత దూరం వచ్చి ఏం ముఖం పెట్టుకుని దిగుతానని తానూ మింగాడు, పడిపోయాడు. ఒక శిష్యుడు, మా గురువుగారు సామాన్యుడు కాడు, ఇందులో ఏదో ఉందని తనూ మింగి పడిపోయాడు. మిగతా ఇద్దరూ ఇది తినకపోతే ఇంకో పాతికేళ్ళయినా బతుకుతాం కదా అనుకుని శవపేటికలు కొనడానికి కిందికి దిగారు. వాళ్ళటు వెళ్ళగానే గురువు లేచి కూచున్నాడు, శిష్యుణ్ణీ కుక్కనీ లేపుకుని అమరలోకానికి పోయాడు. ఆ ఇద్దరూ తెలివితక్కువవాళ్ళని కథ రాసినవాడి ఉద్దేశం. నేనైతే వాళ్ళతోనే కొండ దిగేవాణ్ణి. అనుకోవడానికేం, ఎన్నైనా అనుకుంటాం.

ఇందులో మన పాత్ర లేదనుకోకండి. 648లో చైనా రాయబారి ఒకాయన మన దేశం నుంచి నారాయణస్వామి అనే వైద్యుణ్ణి తాంగ్ వంశపు చక్రవర్తి తైజోంగ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తన వయసు రెండువందలని ఆయన చెప్పుకున్నాడు, వాళ్ళు నమ్మారు. మందు తయారైంది, చక్రవర్తి పుచ్చుకున్నాడు, పనిచేయలేదని వాళ్ళ చరిత్రకారులే రాశారు. 649లో చక్రవర్తి పోయాడు, స్వామిని మాత్రం శిక్షించకుండా వదిలేశారు. నవ్వుతున్నారు, నవ్వండి. శ్రీశైలం కొండలో సిద్ధ నాగార్జునుడు పాదరసాన్ని గడ్డకట్టించాడని మనం చెప్పుకోవడం లేదూ.

అదే వంశంలో షియాన్‌జోంగ్ అనే చక్రవర్తి ఈ గుళికలు మింగి మింగి కోపిష్ఠి అయిపోయాడు. చుట్టూ ఉన్న నపుంసక పరిచారకులు ఏ రోజు ఎవరి తల పోతుందో అని వణికేవాళ్ళు. 820లో చచ్చిపోయాడు, వాళ్ళే చంపేశారంటారు. పాదరసం ఒంట్లో చేరితే జరిగేది అదే. చేతులు వణుకుతాయి, చిగుళ్ళు వాస్తాయి, నోట్లో నీరూరుతుంది, మనిషి చీటికిమాటికి మండిపడతాడు.

మా బాబాయి జన్మలో ఎవర్నీ ఏరా అని కసిరినవాడు కాడు.

ఇది నేను రాసుకొచ్చిన కాగితాల్లో లేదు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. పక్క ఊళ్ళో ఒక వైద్యుడున్నాడని, మందు వాడితే నొప్పులే కాదు వయసే వెనక్కి పోతుందని ఎవరో చెప్పారు. పొట్లంలో ఎర్రటి పొడి, గురిగింజంత, తేనెలో రంగరించి పరగడుపున నాకాలి. ఏడు నెలలు నాకాడు. ఒకరోజు పిన్ని మజ్జిగలో ఉప్పు ఎక్కువేసిందని గ్లాసు గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడుకి పిన్ని ఏడవలేదు, గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెంచా పట్టుకోలేకపోయాడు, ఆ తర్వాత కిడ్నీలు. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే ఏమీ లేదన్నాడు, అది మందని ఆయన అనుకుంటే కదా. మూత్రపరీక్షలో పాదరసం బయటపడింది. రెండేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలు, కార్యదర్శి గారూ.

నేనీ చైనా పుస్తకాల్లో పడ్డది బాబాయి పోయాకే. తాంగ్ కాలం నాటిదని చెప్పే ఒక రసవాద గ్రంథంలో ఈ మాటుంది: గంధకం, మణిశిల అనే ఆర్సెనిక్ రాయి, సురేకారం తేనెతో కలిపి కాచినవాళ్ళకి మంటలు లేచి చేతులూ ముఖాలూ కాలాయి, ఇల్లే తగలబడింది, కాబట్టి అలా చేయకండి. చావు లేని మందు వండబోతే చేతికొచ్చింది తుపాకిమందు. వాళ్ళు దానికి ‘హువో యావ్’ అని పేరు పెట్టారు, నిప్పు మందు అని. మనమూ మందుగుండు అంటాం. జ్వరానికి మందే, చేలో కొట్టేదీ మందే, సీసాలో ఉండేదీ మందే. ఆ మాట ఒక్కటే చాలు మన కొంప ముంచడానికి.

ఇళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళే, కానీ తగలబడిందని రాశారండీ! పక్కవాడికి చెప్పారు. ఆ గె హోంగే అత్యవసర వైద్యం మీద ఇంకో చిన్న పుస్తకం రాశాడు, అందులో జ్వరానికి గుప్పెడు చింగ్‌హావ్ అనే మూలిక ఆకు నీళ్ళలో నానబెట్టి పిండి తాగమన్నాడు. కాచమనలేదు. 1970ల మొదట్లో టు యోయో అనే చైనా శాస్త్రవేత్త ఆ వాక్యం దగ్గర ఆగింది, వేడికి మందు చెడిపోతోందేమో అనుకుని తక్కువ వేడిలో తీసింది, మలేరియా మందు దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. ఎంత ఆకు, ఎన్ని నీళ్ళు, ఏం చేయాలి అన్నీ రాసి ఉండబట్టే కదా.

ఇదిగో, బాబాయి పొట్లం. ముట్టుకోకండి, కవర్లో పెట్టే తెచ్చాను. పాత క్యాలెండర్ కాగితం, అటూ ఇటూ తిప్పి చూడండి, ఎక్కడా ఒక్క అక్షరం రాసి లేదు. ఏం కలిపాడో లేదు, ఎంత కలిపాడో లేదు. మీ ఇళ్ళలో ఇలాంటివి ఎన్నున్నాయో, అమ్మా, ఇవాళ ఇంటికెళ్ళి అలమరాలో చూడండి.

వైద్యుణ్ణి తిట్టడం సులువే, చాలా ఏళ్ళు తిట్టాను. ఈ పొట్లం సైకిల్ మీద వెళ్ళి తెచ్చింది నేను, డబ్బులిచ్చింది నేను, తేనె కొన్నదీ నేనే. ఆ వారమే క్లాసులో బోర్డు మీద మెర్క్యురిక్ సల్ఫైడ్, రంగు ఎరుపు అని రాసి, కింద గీత గీసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పాను.