పంచదార డబ్బాలో ఓడ ప్రయాణికులు

అందరికీ నమస్కారం.

చీమల గురించి మాట్లాడమన్నారు కాబట్టి ముందు ఒక పాత తగాదా తేల్చేస్తాను. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరాయని సామెత. మన సింహాద్రి అప్పన్న విగ్రహం కూడా పుట్టమన్ను కప్పుకుని పురూరవుడికి కనబడిందని స్థలపురాణం. అయితే మనం పాలు పోసే ఆ ఎత్తైన పుట్టలు కట్టేవి చీమలు కావు, చెదపురుగులు. చెదలు బొద్దింకల వంశం. చీమలేమో కందిరీగలకూ తేనెటీగలకూ చుట్టాలు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది!

ఇంట్లో మనకు తెలిసినవి మూడే: ఎర్రచీమ, నల్లచీమ, గండుచీమ. శాస్త్రవేత్తలు ఇప్పటికి పేర్లు పెట్టిన జాతులు 14 వేలు దాటాయి. మన దేశంలోనే 800కు పైగా ఉన్నాయి. అమెరికా ఖండాల్లో ఆకులు కత్తిరించి మోసుకెళ్ళే చీమలు ఆ ఆకులు తినవు. వాటి మీద బూజు పెంచి, ఆ బూజు తింటాయి. వ్యవసాయమన్న మాట.

మన జీడిమామిడి తోటల్లో ఆకులు కుట్టుకుని ఉండే ఎర్రచీమలు ఎవరినైనా ఒక్కసారి కరిచే ఉంటాయి. వాటి కుట్టుపని చూశారా? కొన్ని ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి రెండాకుల అంచులు దగ్గరకు లాగుతాయి. ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, ఈ అంచుకీ ఆ అంచుకీ తాకిస్తాయి. పట్టుదారం పిల్లదే. పెద్ద చీమకు దారం రాదు. పసిపిల్లల చేత పని చేయిస్తున్నాయని కేసు పెట్టేవాళ్ళు లేరు గానీ! పక్కనే ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వీటితో నూరే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1851లోనే దక్షిణ భారతపు చీమల జాబితా ఒకటి రాశాడు. అందులో ఎగిరి దూకే చీమ ఒకటుంది. ఆ జాతిలో రాణి చనిపోతే కూలి చీమలు కొన్ని గుడ్లు పెట్టే పదవికి పోటీ పడతాయి. గెలిచినదాని మెదడు దాదాపు అయిదో వంతు కుంచించుకుపోతుంది. పదవి ఊడితే మళ్ళీ పెరుగుతుంది. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను.

ఇక మన ఊరు రేవు పట్నం కాబట్టి అసలు కథ ఇది. మండేలా కుట్టే ఒక ఎర్రచీమ పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. 16వ శతాబ్దంలో మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు స్పెయిన్ ఓడలు నడిచేవి. సరుకు తక్కువైతే ఓడ తూలకుండా అడుగున మట్టి నింపేవారు. రేవు చేరాక ఆ మట్టి ఒడ్డున పారబోసేవారు. చీమలు ఆ మట్టితోనే దిగాయని 2015లో జన్యు పరీక్షలు చూపించాయి. ఇప్పుడది మన దేశంలోనూ పాతుకుపోయింది. పంచదార డబ్బాలో దూరే, తల నల్లగా వెనక భాగం పాలిపోయినట్టుండే ఆ సన్నచీమ కూడా సరుకుల వెంట లోకమంతా తిరిగిందే. వీసా అడిగినవాళ్ళు లేరు.

మాటలు చాలు. బయట ప్రాంగణంలో మామిడిచెట్టుకు ఆకుల గూళ్ళు నాలుగు కనబడ్డాయి. చొక్కా చేతులు దించుకుని రండి, చెట్టు కింద మాత్రం నిలబడకండి.