పాత 1613 లారీకి సీళ్లు, ప్యాకింగుల సెట్టు: కొనే ముందు ఏం చూడాలి?

నమస్కారం. కొన్ని పాత టాటా 1613 లారీల్లో ఉండే కమిన్స్ 6బీటీ ఇంజనుకు, నూనె కారకుండా ఆపే సీళ్లు, ప్యాకింగుల సెట్టు బజారులో దొరుకుతుంది; దాన్ని ఈ వీడియోలో పరిశీలిద్దాం. వరంగల్ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, గేర్‌బాక్సు దించి ఉంచిన బండి పక్కన నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి మధ్యలో సుత్తి చప్పుళ్లు వినిపిస్తే దయచేసి సర్దుకోండి. ఆరు సిలిండర్లతో, 5,883 సీసీ సామర్థ్యంతో ఉండే ఈ ఇంజను భూపాలపల్లి బొగ్గునూ, కరీంనగర్ గ్రానైటునూ, ఏనుమాముల మార్కెట్టుకు వచ్చే మిర్చినీ ఏళ్ల తరబడి లాగింది. ఇనుము ఇంకా గట్టిగానే ఉన్న బండ్లలో కూడా సీళ్లు, ప్యాకింగుల్లోని రబ్బరు, కార్కు మాత్రం వేడికి గట్టిపడి పగుళ్లు పడతాయి.

సెట్టు విప్పే ముందు ఒక మాట చెప్పాలి. గేర్‌బాక్సు, ఇంజను కలిసే చోట కింద నూనె చుక్క కనిపించగానే క్రాంకు (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక సీలు పోయిందని తేల్చేయడం మన షెడ్లలో అలవాటు. ఆ ఒక్క మాట మీద గేర్‌బాక్సు, క్లచ్చు, ఫ్లైవీలు అన్నీ దిగుతాయి. కానీ ఈ ఇంజనులో డీజిల్ పంపు వెనుక, బ్లాకు పక్కన ఉండే టాపెట్ కవరు (వాల్వులను కదిపే టాపెట్లను మూసే రేకు) ప్యాకింగు కారినా, ఆ నూనె బ్లాకు వెంబడి వెనక్కి జారి సరిగ్గా అదే చోట చుక్కలు కడుతుంది. అందుకే ముందు ఇంజనును డీజిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, అనుమానం ఉన్న చోటల్లా ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, బండిని కాసేపు నడిపి చూడాలి. తెల్లటి పౌడరు మీద తడి ఎక్కడ అన్నిటికంటే పైన కనిపిస్తుందో అక్కడే లీకు మొదలైనట్టు. ఘాటైన గంధకం వాసన వస్తే అది ఇంజను నూనె కాదు, గేర్ ఆయిలు అయి ఉండవచ్చు. అప్పుడు చూడవలసింది గేర్‌బాక్సు ముందు సీలు.

ఇక సెట్టు సంగతి. బల్ల మీద పరిచిన వాటిలో ఆరు వాల్వు కవర్లకు ఆరు విడివిడి ప్యాకింగులు, టాపెట్ కవరు ప్యాకింగు, చాంబరు (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) ప్యాకింగు, ముందు గేరు కవరు ప్యాకింగు, రెండు క్రాంకు సీళ్లు ఉన్నాయి. వీటిలో కాగితం, కార్కు రకాల గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, రంధ్రాలు బోల్టులకు సరిపోతున్నాయి. అసలు తేడా అంతా క్రాంకు సీళ్లలోనే ఉంటుంది. చవక సెట్లలో నైట్రైల్ రబ్బరు సీలు వస్తుంది. అది సుమారు వంద డిగ్రీల వేడి దాకా బాగానే నిలుస్తుంది కానీ, ఆపైన ఎక్కువ కాలం ఉంటే దాని పెదవి, అంటే క్రాంకును ఆనుకునే లోపలి అంచు, గట్టిపడుతుంది. వైటాన్ అనే మేలురకం రబ్బరు దాదాపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. టెఫ్లాన్ పెదవి ఉన్న సీలు వేడికి ఇంకా బాగా ఓర్చుకుంటుంది. రంగు చూసి రకం తేల్చవద్దు, ప్యాకెట్టు మీద రాసినది చదవండి.

ఈ సెట్టులో వెనుక సీలు టెఫ్లాన్ రకం, దానితోపాటు పలుచని ప్లాస్టిక్ గైడు కూడా ఇచ్చారు. నా దృష్టిలో ఈ సెట్టుకు డబ్బు పెట్టదగిన కారణం ఈ గైడే. చాలామంది దీన్ని ప్యాకింగు అట్టతోపాటు చెత్తలో పడేసి, సీలు పెదవికి నూనె రాసి, చేత్తో నెట్టి ఎక్కిస్తారు. రబ్బరు సీలుకు నూనె రాయడం సరైన పద్ధతే. ఈ టెఫ్లాన్ సీలుకు మాత్రం అది పనికిరాదు. క్రాంకు అంచునూ సీలునూ పూర్తిగా పొడిగా, జిడ్డు లేకుండా తుడిచి, గైడు మీదుగా జార్చాలి. అలా ఎక్కిస్తేనే ఆ పెదవి తిరిగే ఇనుముకు తన పూతను అంటించి కుదురుకుంటుంది. నూనె తగిలితే ఆ పూత అంటదు, కొత్త సీలు మొదటి రోజు నుంచే కారుతుంది, తప్పు మాత్రం కంపెనీ మీదకు పోతుంది.

కెమెరాను ఇక్కడికి దగ్గరగా తెస్తాను. క్రాంకు చివర చుట్టూ ఉన్న ఈ సన్నని గీత చూడండి, గోరు పెడితే తగులుతుంది. పాత సీలు పెదవి, దాని కింద చిక్కుకున్న దుమ్ము కలిసి ఇన్నేళ్లలో ఇనుమును ఇంతగా అరగదీశాయి. కొత్త సీలు ఎంత మంచిదైనా, పెదవి మళ్లీ ఈ గీతలోనే కూర్చుంటే లీకు ఆగదు. దీనికి పైన తొడిగే పలుచని స్టీలు స్లీవు దొరుకుతుంది. అది లేనప్పుడు సీలును కొద్దిగా ముందుకో వెనక్కో దింపి, పెదవి నున్నటి చోట పడేలా చూడవచ్చు. ఎమరీ కాగితంతో గట్టిగా రుద్ది గీత తీసేయాలని చూస్తే కొలత తగ్గిపోతుంది, అది మందు కాదు.

ముందు వైపు గేరు కవరు ఎలాగూ విప్పుతారు కాబట్టి, లోపల గేర్ల హౌసింగును పట్టి ఉంచే చిన్న డోవెల్ పిన్నును (స్థానం తప్పకుండా నిలిపే ఇనుప మేకు) తప్పక చూడండి. ఈ రకం ఇంజన్లలో ఆ పిన్ను వదులై గేర్ల మధ్య పడిన సందర్భాలు ప్రసిద్ధమే. అంచును సుత్తి, పంచితో కొంచెం నొక్కడమో, దాని మీద చిన్న రేకు బిగించడమో చేస్తే చాలు. టాపెట్ కవరు కోసం పంపును దించవలసి వస్తే, తిరిగి ఎక్కించేటప్పుడు టైమింగును మళ్లీ సరిచూడటం మర్చిపోకూడదు.

అనబాండు అనే, ట్యూబులో వచ్చే సీలింగు జిగురు గురించి కూడా చెప్పాలి. కార్కు మీద, రబ్బరు అంచు ఉన్న ప్యాకింగు మీద అడుగడుగునా దాన్ని పూసే మిస్త్రీలున్నారు. మిగిలిన జిగురు లోపలికి పిండుకుపోయి, ఊడి, చాంబరులోని జల్లెడకు అడ్డం పడితే నూనె పైకి ఎక్కదు. ముందు కవరు, వెనుక సీలు హౌసింగు బ్లాకుతో కలిసే నాలుగు మూలల్లో చిన్న చుక్క పెడితే సరిపోతుంది. బోల్టులను కూడా బలం కొద్దీ బిగించవద్దు. కార్కు పగిలి పక్కకు జారుతుంది.

చివరిగా, పాత బండి యజమానులు ఇంతకంటే ముందే చేయవలసిన పని ఒకటుంది. ఇంజను ఐడ్లింగులో ఉండగా నూనె పోసే మూతను విప్పి, దాన్నే తిరగేసి రంధ్రం మీద పెట్టండి. మూత ఎగిరి పడుతూ ఉంటే పిస్టను రింగుల పక్కనుంచి గ్యాసు చాంబరులోకి బాగా దిగుతున్నదని అర్థం. ఆ గ్యాసును బయటికి వదిలే బ్రీదరు పైపు మూసుకుపోయినా ఇదే ఒత్తిడి వస్తుంది, అది కడిగితే పోతుంది. రింగులే అరిగి ఉంటే మాత్రం ఈ సెట్టు కొనకండి. ఒత్తిడి కొత్త సీలునూ తోసేస్తుంది, గేర్‌బాక్సు దించిన లేబరు మరోసారి కట్టవలసి వస్తుంది. మూత కదలకుండా నిలిచి, లీకు క్రాంకు వెనుకదేనని పౌడరుతో తేలితే, ఈ సెట్టు తీసుకోండి. నూనె తడిసిన క్లచ్చు ప్లేటును మాత్రం ఎంత కడిగినా తిరిగి వేయకుండా కొత్తది వేయించండి.