చదువుల భవనంలో చెరసాల

శ్రోతలకు నమస్కారం.

మన పాత వీధిబడుల్లో పిల్లల్ని ఎలా దండించేవారో అడిగితే పెద్దవాళ్ళు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. తొడపాశం, గుంజీళ్ళు, గోడకుర్చీ, కోదండం. అవన్నీ చిన్నపిల్లల సంగతి. మరి మీసాలు మొలిచినవాడు, నడుముకి కత్తి కట్టుకుని తిరిగేవాడు, రాత్రి తాగి వీధి దీపాలు పగలగొట్టేవాడు విద్యార్థి అయితే? కొన్ని వందల ఏళ్ళ కిందట యూరప్ విశ్వవిద్యాలయాలకి పట్టుకున్న తలనొప్పి ఇదే.

వాణ్ణి ఊరి పోలీసులకి అప్పజెప్పొచ్చు కదా అంటారేమో. అంత తేలిక కాదు. 12వ శతాబ్దంలోనే జర్మనీని ఏలిన ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి ఒక శాసనం ఇచ్చాడు. చదువు కోసం పరాయి ఊరు వచ్చినవాడి మీద ఫిర్యాదు వస్తే అతని గురువో, బిషప్పో విచారించాలని. ఆ రక్షణ ఏదో ఒక రూపంలో తర్వాతి విశ్వవిద్యాలయాలకీ దక్కింది. దాంతో పాఠం చెప్పే పంతుళ్ళ నెత్తినే పోలీసు పని, జడ్జి పని, జైలరు పని కూడా పడ్డాయి.

ఇంగ్లండులో ఈ పంతుళ్ళు మొదట బెత్తాన్నే నమ్ముకున్నారు. 1571లో కేంబ్రిడ్జ్ వైస్ ఛాన్సలర్ జాన్ విట్‌గిఫ్ట్ ఒక ఉత్తర్వు తెచ్చాడు. ఆ జిల్లాలో నది కానీ, చెరువు కానీ, పగలు కానీ, రాత్రి కానీ, విద్యార్థి అన్నవాడు ఈతకి దిగకూడదు. డిగ్రీ రానివాడు దిగాడా, కాలేజీ హాల్లో అందరి ముందూ బెత్తం దెబ్బలు. మర్నాడు యూనివర్సిటీ పాఠాలు చెప్పే భవనంలో మళ్ళీ దెబ్బలు. బి.ఏ. పూర్తయినవాడిని కొట్టరు, ఎంతైనా పట్టభద్రుడు కదా! అతను హాల్లో రోజంతా బొండకొయ్యలో కాళ్ళు బిగించుకుని కూర్చోవాలి, పైగా 10 షిల్లింగులు కట్టాలి. రెండోసారి దొరికితే ఇక పెట్టె సర్దుకోవడమే. ఈత కొట్టినందుకు ఇంత శిక్షా అని గోదావరి గట్టున పుట్టినవాళ్ళకి అస్సలు మింగుడుపడదు.

తమాషా ఏమిటంటే, 1587లో అదే కేంబ్రిడ్జ్‌లో, సెయింట్ జాన్స్ కాలేజీలో ఫెలోగా, అంటే పంతుళ్ళలో ఒకడిగా ఉన్న ఎవరార్డ్ డిగ్బీ ఈత ఎలా కొట్టాలో చెబుతూ లాటిన్‌లో ఒక పుస్తకం అచ్చేయించాడు. బొమ్మలతో సహా. నీళ్ళలో తేలుతూ కాలిగోళ్ళు తీసుకునే విద్య కూడా అందులో ఉంది. డిగ్బీ మీద కాలేజీ పెద్దకి ఇంకో ఫిర్యాదు ఉండేది. పట్టపగలు కాలేజీలో బూర ఊదుతూ కేకలు పెడతాడని. ఇక కుర్రాళ్ళని అనేదేముంది?

మన పేపర్లలో అప్పుడప్పుడు ఫలానా విద్యార్థిని రస్టికేట్ చేశారని వార్త చూస్తుంటాం. ఆ మాటకి మూలం లాటిన్. అందులో రూస్ అంటే పల్లె. కొన్నాళ్ళు పల్లెకి పొమ్మనడం అన్నమాట. 1626లో కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న, తర్వాత ఇంగ్లిషు మహాకవి అయిన జాన్ మిల్టన్‌కి, ట్యూటర్ విలియం చాపెల్‌కి చెడింది. ట్యూటర్ కొట్టాడని కూడా జాన్ ఆబ్రే అనే ఆయన రాసుకున్నాడు. ఎలాగైతేనేం, కుర్రాడు కొన్నాళ్ళు యూనివర్సిటీకి దూరమయ్యాడు. కానీ వాళ్ళిల్లు ఏ పల్లెలోనూ లేదు, లండన్ నడిబొడ్డున ఉంది! అక్కడినుంచి స్నేహితుడికి లాటిన్ పద్యంలో ఉత్తరం రాశాడు. పుస్తకాలున్నాయి, నాటకాలున్నాయి, ఇదే వెలి అయితే నాకు హాయిగానే ఉందని.

జర్మన్లు మాత్రం ఏకంగా జైలు కట్టారు. దాని పేరు కార్ట్సర్. ట్యూబింగెన్‌లో 16వ శతాబ్దం నాటి కార్ట్సర్ ఇప్పటికీ ఉంది. అన్నిటికన్నా పేరు మోసింది హైడెల్‌బర్గ్‌ది. యూనివర్సిటీ పాత భవనం వెనకే ఉన్న ఆ గదుల్లో 1778 నుంచి 1914 దాకా విద్యార్థులు శిక్ష అనుభవించారు. రాత్రిపూట కేకలు, తాగి గొడవలు, కత్తియుద్ధాలు, పోలీసుని తిట్టడం, ఊరివాళ్ళ పందుల్ని దొడ్లోంచి వదిలేయడం, ఇలాంటివి నేరాలు. నేరాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా శిక్ష. మొదట్లో రొట్టె, మంచినీళ్ళే. కానీ క్లాసుకి మాత్రం వెళ్ళొచ్చు. చదువు పాడవకూడదు కదా! తర్వాత్తర్వాత స్నేహితులు బయటినుంచి భోజనం, బీరు కూడా చేరవేసేవాళ్ళు.

1878లో హైడెల్‌బర్గ్ వచ్చిన అమెరికా రచయిత మార్క్ ట్వేన్ ఈ వ్యవహారం చూసి భలే ముచ్చటపడ్డాడు. ఆయన చెప్పిన ప్రకారం, శిక్ష పడ్డాక యూనివర్సిటీ మనిషి వచ్చి, వీలైతే జైలుకి రండి అంటాడట. కుర్రాడు తీరిక చూసుకుని ఫలానా రోజు వస్తానంటాడు. ఆ రోజు తనే నడిచివెళ్ళి లోపల కూర్చుంటాడు.

ఇలాంటి చోటంటే భయం ఎవరికి? భయం పోయి గొప్ప మొదలైంది. ఒక్కసారైనా కార్ట్సర్‌లో పడుకోకపోతే విద్యార్థి జీవితం వెలితే అనుకునేవాళ్ళు. గదులకి గ్రాండ్ హోటల్, పలే రాయల్, సాన్సూసీ అని పెద్ద హోటళ్ళ, రాజభవనాల పేర్లు పెట్టారు. మరుగుదొడ్డికి సింహాసనం గది అని పేరు.

ఇతర ఊళ్ళలోనూ అంతే. 1836లో బాన్ యూనివర్సిటీలో రాత్రిపూట తాగి అల్లరి చేసినందుకు ఒక రోజు కార్ట్సర్‌లో ఉన్న కుర్రాడి పేరు కార్ల్ మార్క్స్. ఆ సంగతి టి.సి. లాంటి కాగితంలో కూడా ఎక్కింది. గాటింగెన్‌లో 1832, 33లలో చదివిన బిస్మార్క్ తన పేరుని కార్ట్సర్ తలుపు మీద చెక్కి పెట్టాడు. తర్వాత జర్మనీ మొత్తానికీ ఛాన్సలర్ అయ్యాడు. ఆ తలుపుని యూనివర్సిటీ భద్రంగా దాచుకుంది.

హైడెల్‌బర్గ్ గదులు ఇప్పుడు మ్యూజియం. టికెట్ కొనుక్కుని ఆ ఇరుకు మెట్లెక్కితే గోడల నిండా, పైకప్పు దాకా, మసితో గీసిన పక్కమొహాలు. ఒక్కో మొహానికీ రంగు టోపీ, పక్కనే పేరు, ఎన్ని రోజులున్నాడో లెక్క. లోపల ఇనప మంచాలు, చెక్కబల్లలు. ఆ బల్లల మీద కత్తిమొన పెట్టి ఇంకో పేరు చెక్కుదామన్నా ఖాళీ జాగా కనబడదు.