అద్దం విప్పి లోపలి కుట్టు చూడండి

(బరంపురంలో పాత నాణేలు, తపాలా బిళ్ళల ప్రదర్శనలో ఒక దర్జీ చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, పెట్టెల నిండా నాణేలు మోసుకొచ్చిన మిత్రులకి, వెనక బెంచీల్లో సర్దుకున్న మా పట్టు నేతగాళ్ళకి నమస్కారం. టైము తక్కువ అన్నారు, దండలకే సగం పోయింది. మిగతా మర్యాదలు భోజనాల దగ్గర చూసుకుందాం.

'సైనిక దుస్తుల చరిత్ర' మీద మాట్లాడమన్నారు. చరిత్ర చెప్పడానికి నేను పంతుల్ని కాను. గోపాల్‌పూర్ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ జవాన్లకి చొక్కాలు బిగించి, భుజం పట్టీలు కుట్టి బతికినవాణ్ణి. కాబట్టి 'మిలటరీ యాంటిక్' అని అమ్ముతున్న దొంగ సరుకు గురించే మాట్లాడతాను.

వేషం వేరు, మోసం వేరు. ఠాకురాణి జాతరలో మనవాళ్ళు ఎన్ని వేషాలు కట్టినా ఎవరూ మోసపోరు. నాటకానికి కోటు కుట్టిచ్చినా తప్పులేదు. కొత్త కోటుని టీ డికాక్షన్‌లో నానబెట్టి, 'బర్మా యుద్ధంలో వేసుకున్నది' అని వేలకి వేలు గుంజితే దాన్ని ఏమనాలి?

అలాంటి బేరగాడొకడు నా కొట్టుకే వచ్చాడు. అరడజను కొత్త ఖాకీ డ్రిల్లు చొక్కాలు బల్ల మీద పడేసి, 'మాస్టరూ, మోచేతుల దగ్గర కాస్త ఉప్పు కాగితం పట్టించండి, కాలరు మీద చెమట మరకలా ఏదైనా వేయండి' అన్నాడు. చేతిలో ఉన్న టేపుతోనే గుమ్మం చూపించాను. వాడు ఇంకో దర్జీని వెతుక్కుని ఉంటాడు, అందులో నాకు అనుమానం లేదు.

వాడికి తెలియనిది మీకు చెబుతాను. బట్ట నిజంగా ఎండకి వెలిస్తే అంతటా ఒకేలా వెలవదు. జేబు మూత ఎత్తి చూడండి, దాని కింద పాత రంగు వెలవకుండా మిగిలి ఉంటుంది. భుజం పట్టీ కిందా అంతే. బ్యాడ్జీ పీకేసిన చోట దాని ఆకారమే కనబడుతుంది. డికాక్షన్‌లో ముంచిన చొక్కాకి జేబు పైనా కిందా ఒకటే రంగు, కుట్టు మడత విప్పినా అదే రంగు. నేతగాళ్ళకి ఇది వేరే చెప్పాలా?

తర్వాత దారం. పాలిస్టరు పీచుని ఇంగ్లండులో 1941లో కనిపెట్టారు. అది కొట్ల దాకా రావడానికి యుద్ధం అయిపోయి ఇంకొన్నేళ్ళు పట్టింది. మరి 1943లో బర్మా అడవుల్లో తిరిగిన సిపాయి చొక్కాకి పాలిస్టరు దారం ఎక్కడిది? పక్క కుట్టు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టండి. నూలైతే కాగితం కాలిన వాసన, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద. పాలిస్టరైతే ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసవుతుంది. గుండీ దారం మాత్రం లాగకండి, గుండీలు ఎవరైనా తర్వాత కుట్టించుకుని ఉండొచ్చు. ఓవర్‌లాక్, అంటే బట్ట అంచు పోగులు లేవకుండా చుట్టే మిషను కుట్టు, కనబడగానే దొంగదని అరిచేవాళ్ళున్నారు, వాళ్ళ మాటా వినకండి. ఆ మిషను యుద్ధానికి ఎన్నో ఏళ్ళ ముందే ఉంది.

నోట్లు చూసే నీలం లైటు చీకట్లో వేసి చూడమంటారు. మంచిదే, కొత్త దారం చాలావరకు తెల్లగా మెరుస్తుంది. కానీ మన ఇళ్ళలో తెల్లగా మెరవడానికి టీనోపాల్ పొడి పెట్టని తెల్ల బట్ట ఉండేదా? అదే బకెట్లో అసలు ఖాకీని ముంచినా మెరుస్తుంది. లైటు ఒక్కటే నమ్ముకుని ఎవరి తాత చొక్కానీ దొంగదనకండి.

'1962 చైనా యుద్ధంలో మేజరుగారి యూనిఫారం' అని ఒక వ్యాపారి చూపించాడు. భుజం మీద కిరీటం! ఇదేంటయ్యా అంటే 'అప్పుడు ఎలిజబెత్తు రాణి ఉందిగా సార్' అన్నాడు. ఉంది, లండన్‌లో ఉంది. 1950 జనవరి 26న మనం రిపబ్లిక్ అయ్యాక కిరీటం పోయి అశోక సింహాలొచ్చాయి. ఇంకో చోట 1965 యుద్ధం నాటి చొక్కా అట, రొమ్ము మీద పూర్వీ స్టార్ పతకం రిబ్బను. అది 1971 యుద్ధానిది. ఆ యుద్ధం నాటికి రాష్ట్రపతి, అంటే త్రివిధ దళాలకీ సర్వసేనాని ఎవరు? ఈ బరంపురంలో పుట్టిన వి.వి.గిరిగారు! చప్పట్లు కొట్టండి, పరవాలేదు. ఆయన పుట్టిన ఊళ్ళోనే ఆ రిబ్బను తెచ్చి ఆరేళ్ళ ముందటి చొక్కాకి కుట్టి మనకే అమ్మజూస్తారా?

ఏం చెబుతున్నాను... ఆ, పతకాలు. మన పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు అచ్చువేసి ఉంటాయి. అది కూడా చెబుదామనుకున్నాను గానీ, అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. అసలు నా కడుపుమంట వేరే ఉంది, అది చెప్పకుండా మైకు వదలను.

మా వీధిలో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ భర్త బర్మా వెళ్ళొచ్చిన సిపాయి. ఆయన పోయాక చొక్కా ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి ఉంది. కాలరు లోపల నల్ల సిరాతో ఆయన నంబరు, చంక కింద ఆయన చేత్తోనే వేసుకున్న వంకర మాసిక. అది నా కళ్ళతో చూశాను. ఓ రోజు స్టీలు సామాన్ల బండి వచ్చింది. పాత చీరలతో పాటు కోడలు ఆ చొక్కా కూడా వేసేసి రెండు గిన్నెలు తీసుకుంది. కోడల్ని ఏమనను? ఇంట్లో ఒక్కరైనా అది ఫలానా అని ఆ పిల్లకి చెప్పారా? కొన్నాళ్ళకి మనవడు ఉద్యోగం చేసుకుంటూ, తాత గుర్తుగా ఉంటుందని పెద్ద ఊళ్ళో బోలెడు డబ్బు పోసి ఒక 'బర్మా చొక్కా' కొన్నాడు. నా దగ్గరికే తెచ్చాడు. జేబు మూత ఎత్తాను. పక్క కుట్టులో పోగు లాగి కాల్చాను. పూసయింది. కుర్రాడి మొహం నేను చూడలేకపోయాను.

అసలువి గిన్నెలకి పోతున్నాయి, దొంగవి అద్దాల్లోకి ఎక్కుతున్నాయి! అమ్మా, మీ ఇళ్ళల్లో ఉంటే ఒక తెల్ల కాగితం మీద ఎవరిది, ఏ రెజిమెంటు, ఏ ఏళ్ళు అని రాసి జేబులో పెట్టండి. ఉతక్కండి. ఇస్త్రీ అసలే వద్దు.

కుర్రాళ్ళకొక మాట. పాతది పెట్టెలో దాచుకోవడం వేరు, కొత్తది వేసుకుని తిరగడం వేరు. 2016లో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవాళ్ళు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. జవానునని నమ్మించడానికి వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. 2022 సైనిక దినోత్సవంలో చూపించిన కొత్త డిజైన్ని సైన్యం తన పేర రిజిస్టరు కూడా చేయించుకుంది.

ముగిస్తున్నానండీ. ఈ హాల్లోనే, ఆ కిటికీ పక్కన ఫ్రేములో ఒక కోటు ఉంది. 'రెండో ప్రపంచ యుద్ధం, బర్మా' అని చీటీ అంటించారు. గుండీల మీద అశోక సింహాలున్నాయి. అంతమాత్రాన దొంగదనను, కోటు సొంతదారు తర్వాత కూడా సర్వీసులో ఉండి గుండీలు మార్చుకుని ఉండొచ్చు. అద్దం మీద నుంచి తేలే పని కాదు. తెచ్చిన పెద్దమనిషి ఇక్కడే ఉన్నారు, ఒప్పుకుంటే ఆ నాలుగు మేకులూ తీయించండి. అగ్గిపెట్టె నా జేబులో ఉంది.