పందికొక్కు ఆస్ట్రేలియా వెళ్లింది

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆస్ట్రేలియావాళ్ల ఇంగ్లీషులో ఉన్న ఒక క్రియ గురించి. 'బాండికూట్'. జంతువు పేరు కదా అంటారేమో, అక్కడ అది క్రియ కూడా. బంగాళాదుంప మొక్కను పీకకుండా, పక్క నుంచి చేత్తో మట్టి తవ్వి, అందిన దుంపలు లాక్కుని, మళ్లీ మట్టి సర్దేసి వెళ్లిపోతే దాన్ని బాండికూట్ చేయడం అంటారు. మర్నాడు రైతు వచ్చి చూస్తే ఆకులు పచ్చగానే ఉంటాయి, దుంపలు తవ్వే రోజు దాకా దొంగలు పడ్డారనే తెలియదు.

ఈ మాట మనదండీ! కొక్కు అంటే ఎలుక. పందిలా గుర్రుమనే పెద్ద ఎలుక పందికొక్కు. మనం 'ప' అనేటప్పుడు ఊపిరి వదలం కాబట్టి ఇంగ్లీషు చెవికి అది 'బ'లా వినిపిస్తుంది, అలా పంది కాస్తా 'బాండి' అయింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ ఇది తెలుగు మాటేనని రాశారు. ఆ పేజీలో తెలుగు పేరు చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మన దేశంలో నేర్చుకున్న పేరును ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు పెట్టారు. అది అసలు ఎలుక జాతే కాదు, కంగారూలాగా పొట్టకు సంచి ఉన్న జీవి. ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, అందుకే ముందు కాళ్లతో ఎంత తవ్వినా లోపలున్న పిల్లల మీద మట్టి పడదు. పొడుగు ముక్కుతో పచ్చికలో గరాటులాంటి గుంతలు చేసి, ఎక్కువగా పురుగులు ఏరుకు తింటుంది. ధాన్యం దోచే మన పందికొక్కుతో పోలిస్తే ఇది సాధువే, అయినా దొంగతనానికి దీని పేరే అంటుకుంది, నాకది అన్యాయమనిపిస్తుంది. 'బాండికూట్ అంత దిగులుగా' అని కూడా అంటారక్కడ.

కానీ ఆ క్రియ అర్థం చదవగానే నాకు గుర్తొచ్చింది మా వేరుశెనగ చేనే. చెట్టు పచ్చగా నిలబడే ఉండేది, పట్టుకుని లాగితే కింద కాయల్లేవు. నాన్న గట్టు పక్కన గొంతుక్కూర్చుని, బొరియలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు బయటికి తీసి నాకు చూపించి, "పందికొక్కు పనిరా ఇది" అనేవాడు.