రోనస్ హిల్: 450 మీటర్లే, కానీ కాలు ఎక్కడ పెట్టాలో తెలియాలి

నమస్తే అండీ. ఈరోజు స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో అన్నిటికన్నా ఎత్తైన కొండ, రోనస్ హిల్. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి షెట్లాండ్ రేవు పట్టణం లెర్విక్‌కి రాత్రి ఓడలో 12 నుంచి 14 గంటలు పడుతుంది. అక్కడి నుంచి కారులో మావిస్ గ్రైండ్ అనే సన్నటి నేలపట్టీ దాటి, కొల్లాఫర్త్ హిల్ మీద మాస్టుల (సిగ్నల్ టవర్ల) దగ్గరికెళ్లే దారి పట్టుకోవాలి. శిఖరం అక్కడికి పడమరగా సుమారు 3 కిలోమీటర్లు. మధ్యలో 388 మీటర్ల మిడ్ ఫీల్డ్ అనే కొండ వస్తుంది. అది దిగి మళ్లీ ఎక్కాలి.

పైనంతా ఎర్ర గ్రానైట్ రాళ్లే, నడక సుఖం. ఇబ్బంది పెట్టేది పల్లాల్లో, కింది వాలుల్లో ఉన్న పీట్, అంటే సగం కుళ్లిన నాచుతో ఏర్పడిన బురద నేల. నీళ్లు నిలిచిన చోట గాలి అందక నాచు పూర్తిగా కుళ్లదు, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. అందులో ఎక్కువ భాగం నీళ్లే. దమ్ము చేసిన మడిలో దిగినట్టే ఉంటుంది.

నేల రంగు చూసి నడవండి. హెదర్ పొదలున్న చోటు కాస్త గట్టి. తెల్లటి దూది కుచ్చుల గడ్డి కనిపిస్తే తడి. మెరిసే పచ్చ, ఎర్ర నాచు పరుచుకుని ఉంటే అస్సలు వద్దు, చుట్టూ తిరిగి వెళ్లండి. అనుమానమొస్తే ముందు కర్ర దింపి చూడండి. కొన దగ్గర వెడల్పు బాస్కెట్ (గుండ్రటి బిళ్ల) ఉన్న కర్రలే తెచ్చుకోండి, సన్నవి పిడి దాకా దిగిపోతాయి. నీళ్లు బూటు పైనుంచే దూరతాయి కాబట్టి వాటర్‌ప్రూఫ్ బూటు ఒక్కటే చాలదు, బూటు పైనుంచి మోకాలి దాకా కప్పే గెయిటర్లు (కాలి తొడుగులు) కావాలి.

కాలు మోకాలి దాకా దిగితే నిలువుగా లాగొద్దు. కింద ఖాళీ ఏర్పడి బురద ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వెనక్కి వాలి, బరువు పరిచి, పాదాన్ని అటూ ఇటూ ఆడించండి. నీరు, గాలి లోపలికి వెళ్లాక వదులవుతుంది.

మే నుంచి జులై దాకా బాంక్సీలు (గ్రేట్ స్కువా అనే పెద్ద సముద్ర పక్షులు) నేల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. తల మీదికి దూసుకొస్తే కర్ర ఎత్తి పట్టుకోండి, ఎందుకంటే అవి ఎత్తైన చోటునే గురిచూస్తాయి. కొట్టొద్దు. అది వాటి ఇల్లు, మనమే పక్కకి తప్పుకోవాలి.

శిఖరం మీద కొత్తరాతి యుగం నాటి సమాధి గది ఉంది. అక్కడ రాయి కూడా కదపకండి. దిగేటప్పుడు పొగమంచు కమ్మితే దక్షిణానికి జారిపోకండి, అటు వాలు రోనస్ వో సముద్రపాయ వైపు దిగిపోతుంది. కాగితం మ్యాపు తీసి, శిఖరం దగ్గరే కంపాస్ దాదాపు నేరుగా తూర్పుకి పెట్టుకుని, మాస్టులు కనిపించేదాకా అదే దిక్కున నడవండి.