ఉన్నట్టుండి సిస్టమ్ స్లో అయిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఈ మూడు అంకెలు చూడండి

[తెర మీద: టాస్క్ మేనేజర్. డిస్క్ దగ్గర ఎర్రగా 100%]

"సిస్టమ్ స్లో అయిందా? వైరస్ వచ్చుంటుంది, ఫార్మాట్ కొట్టేద్దాం." తిరుపతిలో ఏ డీటీపీ సెంటర్లో అడిగినా ముందు వినపడేది ఈ మాటే. పెళ్ళి ఫొటోలు, టాలీ లెక్కల డేటా, పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు పోయేది కూడా ఈ మాట దగ్గరే. అందుకే ఈ వీడియో.

నిన్నటిదాకా బాగా నడిచిన డెస్క్‌టాప్, ఈ పొద్దున ఒక ఫోల్డర్ తెరవడానికి రెండు నిమిషాలు తీసుకుంటోందంటే రెండే కారణాలు. ఏదో ఒకటి మారింది, లేదా ఏదో ఒకటి చెడిపోతోంది. అదేంటో చూడకుండా ఫార్మాట్ కొడితే, చెడిపోతున్న డిస్క్ మీదే మళ్ళీ విండోస్ మొత్తం రాయిస్తున్నట్టు. దానికి మిగిలున్న కాస్త ఓపికా అక్కడే అయిపోతుంది, డేటా తీసుకునే అవకాశమూ పోతుంది.

మనూరోళ్ళకి క్యూలైన్ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దర్శనం లేటవుతోందంటే మనం ఏం అడుగుతాం? కంపార్ట్‌మెంట్లు నిండాయా, లైను బయటికొచ్చిందా, ఎక్కడ ఆగింది? కంప్యూటర్‌నీ అదే అడగండి. వైకుంఠం కంపార్ట్‌మెంట్లు ర్యామ్. టికెట్ స్కాన్ చేసి లోపలికి పంపే కౌంటర్ డిస్క్. లోపల లైను కదిలే వేగం ప్రాసెసర్. లైను ఆగేది ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్ళండి. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే చూడొద్దు, ఒక పది నిమిషాలు ఆగి చూడండి. మొదట్లో అన్నీ పరిగెత్తుతూనే ఉంటాయి.

ముందు డిస్క్. ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. యాక్టివ్ టైమ్ 100% ఉంది కదా అని కంగారు పడొద్దు. కింద రీడ్ స్పీడ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని ఇంకో రెండు ఉంటాయి, అసలు సంగతి వాటిల్లో ఉంది. 100% చూపిస్తూ స్పీడ్ సెకనుకి వంద ఎంబీ దగ్గర ఉంటే డిస్క్ నిజంగా పని చేస్తోందని అర్థం. అదే 100%, కానీ స్పీడ్ కేబీల్లో ఉండి, రెస్పాన్స్ టైమ్ వెయ్యి, రెండు వేల మిల్లీసెకన్లు దాటుతోందా? డిస్క్‌కి జబ్బు చేసి ఉండొచ్చు. మంచి హార్డ్ డిస్క్ తేలికపాటి పనికి పది, ఇరవై మిల్లీసెకన్లలో జవాబిస్తుంది, ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌ల మీద నడిచే డిస్క్) అయితే ఒక మిల్లీసెకను కూడా తీసుకోదు.

ఎందుకిలా అవుతుందంటే, 300 రూపాయల టికెట్ ఒకటి తడిసి బార్‌కోడ్ చెరిగిపోయింది అనుకోండి. కౌంటర్లో ఉన్నతను వదలకుండా మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తూనే ఉన్నాడు. వెనకున్నోళ్ళ టికెట్లన్నీ బాగానే ఉన్నాయి, అయినా లైను కదలదు. డిస్క్ మీద ఒక్క సెక్టార్, అంటే డేటా రాసుకునే చిన్న గడి, చదవడానికి రాకపోతే జరిగేది ఇదే. డిస్క్ ఆ ఒక్కదాని కోసం పదేపదే ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ మొత్తం నిలబడిపోతుంది.

[తెర మీద: క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో]

దీన్ని ఖాయం చేసుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. హార్డ్ డిస్క్ అయితే ఎడమ పక్క నంబర్లలో 05, సీ5, సీ6, సీ7 చూడండి. 05 అంటే ఇప్పటికే చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు. సీ5 అంటే ఇప్పుడు చదవలేకపోతున్నవి. సీ6 అంటే ఇక సరిచేయలేమని తేలినవి. సీ7 అంటే డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా పంపేటప్పుడు దొర్లిన తప్పులు. సీ5లో గానీ సీ6లో గానీ చివర ఉండే రా వాల్యూస్ కాలమ్‌లో సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే మిగతా పనులన్నీ ఆపేయండి, డేటా కాపీ చేసుకోవడం మొదలుపెట్టండి. మళ్ళీ దొరకనివి ముందు: టాలీ డేటా ఫోల్డర్, డాక్యుమెంట్లు, ఫొటోలు. సినిమాలు ఆఖర్న. ఒక ఫైల్ దగ్గర ఆగిపోతే స్కిప్ కొట్టి ముందుకెళ్ళండి, దానికోసం పట్టు పట్టొద్దు.

ఇక్కడే చాలామంది ఇంటర్నెట్లో చూసి డిస్క్‌ని తనిఖీ చేసే విండోస్ కమాండ్, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r) కొడతారు. దయచేసి కొట్టొద్దు! అది డిస్క్‌లో ప్రతి సెక్టార్‌నీ గంటల తరబడి చదివిస్తుంది. ఊపిరాడని డిస్క్ దాంతోనే ఆగిపోవచ్చు. కాపీ అయ్యాక కావాలంటే కొట్టుకోండి.

సీ7 ఒక్కటే పెరుగుతోందా, మిగతావన్నీ సున్నాలేనా? అయితే డిస్క్ కంటే ముందు, దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ని అనుమానించాలి. కేబుల్ మార్చండి, బోర్డు మీద ఇంకో పోర్టుకి పెట్టండి. పాత అంకె తగ్గదు, ఇకమీద పెరగకపోతే చాలు. ఇంత చిన్న కేబుల్ కోసం కొత్త డిస్క్ కొనిపించడం అన్యాయం.

డిస్క్ బాగానే ఉండి బిజీగా ఉంటే ప్రాసెసెస్ ట్యాబ్‌లో డిస్క్ అనే హెడ్డింగ్ మీద నొక్కండి. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ పైకొస్తే అప్‌డేట్ జరుగుతోంది. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ వస్తే స్కాన్ నడుస్తోంది. గంటో రెండు గంటలో వదిలేసి రీస్టార్ట్ చేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి, రెండూ ఒకే ఫైల్‌ని చెరోసారి తనిఖీ చేస్తుంటాయి.

ఇక మెమరీ, అంటే ర్యామ్. 90% దాటి ఉంటే కంపార్ట్‌మెంట్లు నిండి లైను రోడ్డు మీదికి వచ్చినట్టే. ఆ రోడ్డే పేజ్ ఫైల్, అదుండేది డిస్క్ మీద. బయటున్నోళ్ళు మళ్ళీ ఆ స్కానింగ్ కౌంటర్ గుండానే లోపలికి రావాలి కాబట్టి డిస్క్ కూడా ఎర్రబడుతుంది. అలాంటప్పుడు డిస్క్‌ని తిట్టి లాభం లేదు.

ఉన్నట్టుండి ఇలా అయితే మొత్తం ర్యామ్ ఎంత చూపిస్తోందో చూడండి. ఎనిమిది జీబీ ఉండాల్సింది నాలుగే చూపిస్తుంటే ఒక స్టిక్ కాంటాక్ట్ పోయింది, అంటే సగం కంపార్ట్‌మెంట్లకి తాళం పడింది. గోడ దగ్గర స్విచ్ ఆపి ప్లగ్ తీయండి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకోండి. స్టిక్ బయటికి తీసి బంగారు రంగు కాంటాక్టుల్ని తెల్ల రబ్బరుతో మెల్లగా తుడవండి, పొట్టు ఊదేయకుండా బ్రష్‌తో దులపండి. నోటితో ఊదితే తడి తగులుతుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్ టక్ మని పడాలి.

మూడోది ప్రాసెసర్. బరువైన పని ఏదైనా నడుపుతూ స్పీడ్ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 0.8 గిగాహెర్ట్జ్ చూపించడం మామూలే. బేస్ స్పీడ్ 3 పైన ఉండి, యుటిలైజేషన్ ఎక్కువ ఉన్నా స్పీడ్ 0.8 దగ్గరే ఆగిపోతే ఎక్కువసార్లు వేడే కారణం. హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే ప్రోగ్రామ్‌లో టెంపరేచర్ చూడండి. పని మీద 80 డిగ్రీలు ఫర్వాలేదు. 95, 100 చూపిస్తుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి కావాలనే వేగం తగ్గించుకుంటోంది. మే నెలలో మన గదుల్లో ఉండే వేడికి ఇది మామూలుగా జరిగేదే.

ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే ఫ్యాన్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద ఉంటుంది. అందులో ఒక్కటి లేచినా కూలర్ ఒక పక్కకి ఒరుగుతుంది, ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనదు. వేలితో నొక్కి చూడండి, నాలుగూ గట్టిగా ఉండాలి. దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా పట్టుకోండి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ ఎండి సుద్దలా అయి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనేది అపోహ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. సీ డ్రైవ్‌లో 15 శాతమైనా ఖాళీ ఉంచండి, నిండిన ఎస్ఎస్‌డీ కూడా నత్తనడక నడుస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో పవర్ సేవర్ ఉంటే బ్యాలెన్స్‌డ్‌కి మార్చండి. షట్‌డౌన్‌తో సరిపెట్టొద్దు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు. ఇవేవీ కాకుండా, మీరు ఏమీ చేయనప్పుడు కూడా పేరు తెలియని ప్రోగ్రామ్ ఒకటి ప్రాసెసర్‌ని మింగేస్తుంటే, అప్పుడు వైరస్ అనండి, విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి.

కొత్త ఎస్ఎస్‌డీ వేసుకునేవాళ్ళకి: పాత డిస్క్ బాగుంటే క్లోన్ చేసుకోవచ్చు, అంటే మొత్తం ఉన్నదున్నట్టు కాపీ. సీ5 సున్నా కాని డిస్క్‌ని మాత్రం మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించొద్దు, మధ్యలో ఆగిపోవచ్చు. ఎస్ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేసి, డేటా ఒక్కటే తెచ్చుకోండి. పాత డిస్క్‌ని కేబుల్ పీకి, కనీసం నెలరోజులు చెరపకుండా పక్కన ఉంచండి. ఏ ఫైల్ మర్చిపోయామో గుర్తొచ్చేది ఆ నెలలోనే.